రెండో నంబరు మంచం

బాలకిష్టయ్యకు ఆ పొద్దున మూడు పనులు ఒక్కసారే మీద పడ్డాయి. వాంతి ఆపుకోవాలి, దవాఖానకు పోవాలి, ఈ సంగతి కొడుకు ఉమేష్ చెవిన పడకుండా చూడాలి. మొదటిది ఆయన చేతిలో లేదు. రెండోది భార్య సుగుణమ్మ చూసుకుంటోంది. మూడో దాని కోసం మాత్రం ఆయన ఎంతకైనా తెగించేలా ఉన్నాడు.

"వాడు బస్సెక్కిండా?" అని గోడకు ఆనుకుని అడిగాడు.

"ఎక్కిండు. ఈపాటికి సగం తొవ్వ పోయింటడు. నువ్వు మాట్లాడకు, మల్ల వాంతి వస్తది" అంది సుగుణమ్మ, మేకుకు వేలాడే సంచి దించుతూ.

ఆ సంచి పేరు ఎమర్జెన్సీ సంచి. లోకంలో ఎమర్జెన్సీ అనేది చెప్పకుండా వస్తుంది గానీ, వాళ్లింట్లో దానికోసం ముందే సంచి సర్ది ఉంటుంది. పలుచటి దుప్పటి, స్టీలు గ్లాసు, ఆధార్ జిరాక్సు, ఫోను చార్జరు, దవాఖాన చీటీల కట్ట, మంచం పక్కన కూర్చున్నప్పుడు సుగుణమ్మ నమలడానికి వక్కలు. గత ఏడు నెలల్లో ఏడుసార్లు ఆ సంచి దవాఖానకు పోయి వచ్చింది. మూడోసారి నుంచి అందులో విసనకర్ర కూడా చేరింది. రెండో నంబరు మంచం మీది ఫ్యానుకు చప్పుడు ఎక్కువ, గాలి తక్కువ అని వాళ్లకు అప్పటికే అనుభవమైంది.

బాలకిష్టయ్య గద్వాల చీర నేసే మనిషి. అరవై రెండేళ్లుంటాయి. చీర ఒంటికి నూలు, అంచుకు పట్టు. ఆ రెండూ కలిసే చోట దారానికి దారం మెలిపెట్టి, అతుకు కంటికి కనబడకుండా నేయడంలో ఆయనకు ఊళ్లో పేరుంది. ఇంటి ముందుగదిలోనే మగ్గం, మగ్గం కింద గుంత. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడంటే ఇక బయట పెళ్లి ఊరేగింపు పోయినా తలెత్తి చూడడు. పదకొండేళ్ల కిందట షుగర్ వచ్చింది. గోళీలు చాలడం లేదని నిరుడు రోజుకు రెండుపూటలా ఇన్సులిన్ సూది రాశారు.

సూది విషయంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. మందు చల్లటి చోట ఉండాలన్నారు. మొదటి సీసాను ఇంట్లో ఉన్న పాత ఫ్రిజ్‌లో పెడితే, అది కాస్తా గడ్డకట్టి ఎందుకూ పనికిరాకుండా పోయింది. అప్పుడు బాలకిష్టయ్యే బుర్ర పెట్టి ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు కనిపెట్టాడు. మగ్గం గుంత గోడలో ఒక చిన్న గూడు ఉంది. అందులో తడి ఇసుక పోసిన మట్టికుండ, కుండలో మందు సీసా, పక్కన సిరంజీల డబ్బా. పొద్దున గుంతలోకి దిగగానే ఒక సూది, సాయంత్రం గుంతలోంచి లేచే ముందు ఒక సూది. పేక దారం నడిపే నాడె పట్టే ముందు ఒకటి, నాడె దించాక ఒకటి. సూది అయిన అరగంటకు సుగుణమ్మ పళ్లెం తెచ్చి పెట్టాల్సిందే.

ఇంత నియమం ఉన్న మనిషికి నెలకోసారి షుగర్ ఎందుకు అంత పైకి పోతుందో ఎవరికీ అంతుబట్టలేదు. ఎమర్జెన్సీలో సెలైన్ ఎక్కించి షుగర్ దించుతారు, మంగళవారం ఓపీకి పొమ్మని రాస్తారు. ఓపీలో చీటీ మీది అంకె చూసి ఇన్సులిన్ రెండు పాయింట్లు పెంచుతారు. పెంచినప్పటి నుంచి ఆయనకు మగ్గం మీద చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, సుగుణమ్మ చక్కెర నీళ్ల గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. అట్లా వణుక్కుంటూ నెల గడుస్తుంది, మళ్లీ సంచి మేకు మీంచి దిగుతుంది.

ఉమేష్‌కు మాత్రం కారణం దొరికింది. వాడు పదిహేడో ఏట మగ్గం మీంచి లేచిపోయి, ఇప్పుడు వనపర్తిలో ఒక టైల్స్ దుకాణంలో పని చేస్తున్నాడు. రోజూ పొద్దున పోయి రాత్రికి వస్తాడు. "తేమ గుంతల కాళ్లు పెట్టి పొద్దంత కూసుంటే షుగర్ రాక ఏమొస్తది" అని వాడి వాదన. దానికి సాక్ష్యంగా ఫోనులో ఒక వీడియో కూడా చూపించాడు. పోయిన నెల దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక తండ్రి చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. ఇంకొక్కసారి ఎమర్జెన్సీ గడప తొక్కితే గుంత పూడ్చి పైన టైల్స్ వేసేస్తాడు. ఆ మాట అనేటప్పుడు వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక దవాఖానకు పోతే గదా అన్న ధీమాతో బాలకిష్టయ్య "సరే పూడ్సుకో" అనేశాడు.

మర్నాడే ఉమేష్ దుకాణం నుంచి ఒక టైలు నమూనాకని తెచ్చి మగ్గం పక్కన గోడకు ఆనించి పెట్టాడు. తెల్లటిది, మీద బూడిదరంగు గీతలు. సుగుణమ్మ దాన్ని పడుకోబెట్టి మీద వేడి గిన్నెలు దించుకుంటోంది. బాలకిష్టయ్య మాత్రం నెలంతా ఆ దిక్కు చూడకుండా నేశాడు.

ఇప్పుడు ఆ ఒట్టు మెడకు చుట్టుకుంది.

"ఇది షుగర్ కాదు సుగుణా. నిన్న తిన్న బెల్లం బచ్చాలు పడలే. నాలుగే తింటి గని..."

"ఆరు" అంది సుగుణమ్మ. "పా, ఆటో వచ్చింది."

* * *

దవాఖాన ఎమర్జెన్సీ వార్డులో ఆయన్ను ఎవరూ ఏమైందని అడగలేదు. స్టాఫ్ నర్సు రేణుకమ్మ తలెత్తి చూసి, "రెండు ఖాళీగనే ఉంది, పోయి పండుకో పెద్దాయనా" అంది. రేణుకమ్మది రాజోలి. ఎవరినైనా నవ్వుతూ కసురుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

బాలకిష్టయ్య మంచమెక్కుతూనే దుప్పటి అంచు రెండు వేళ్ల మధ్య నలిపి, మిషను నేత అని పెదవి విరిచాడు. ఎడమ చెయ్యి తనంతట తానే చాపి, "మోచేతి కింద, పక్కకు ఉన్నది పట్టు. నడుమది పోయిన నెల పొడిసినవ్, ఇంకా నొస్తుంది" అని సలహా ఇచ్చాడు. నరం మీద వేసిన దూదిగుడ్డ చూసి ఇందులో పడుగుకు పేకకు పొత్తు లేదన్నాడు. వేలిమీద చుక్క రక్తం తీసి మిషనులో పెడితే ఐదువందల పన్నెండు వచ్చింది. ఆ అంకె విన్నాక, అది అజీర్తేనని ఇక సుగుణమ్మతో కూడా వాదించడానికి లేదు.

డ్యూటీ డాక్టరు సుప్రియ వచ్చి రెండు వారాలే అయింది. వనపర్తి అమ్మాయి. ఏ రోగితోనైనా మంచం మీద కూర్చుని మాట్లాడుతుంది. ఆమె నాలుక చూసి, కడుపు నొక్కి చూసి, సెలైన్ పెట్టించి, కలం తీసి రిజిస్టరు తెరవగానే బాలకిష్టయ్య ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"మేడం, జర ఒక్క మాట. సూది పొడువు, సెలైన్ ఎక్కియ్యి, ఏమన్న చెయ్యి. పేరొక్కటి రాయకు."

"పేరు రాయకుండ ఎట్ల పెద్దాయనా?"

"రాయకుంటే నేను రానట్టే గద."

"మరి ఈ సెలైన్ ఎవరికి పెట్టిన అని రాయాలె?"

"మంచానికి రాయి బిడ్డా. రెండో నంబరు మంచానికి షుగర్ ఐదువందల పన్నెండు అని రాయి."

రేణుకమ్మ నవ్వాపుకోలేక మందుల అల్మారా వైపు తిరిగింది. సుప్రియకు నవ్వూ వచ్చింది, అనుమానమూ వచ్చింది. రిజిస్టరుకు ఇంతగా భయపడే మనిషిని ఆమె చూడలేదు. ఏంది సంగతి అని సుగుణమ్మను అడిగింది. సుగుణమ్మకు అడిగేవాళ్లు ఉండాలే గానీ, ఒట్టు దగ్గర నుంచి టైలు మీద గిన్నెల దాకా ఒక్కటి వదలకుండా చెప్పేసింది. బాలకిష్టయ్య మధ్యలో రెండుసార్లు దగ్గాడు. లాభం లేకపోయింది.

"ఏడుసార్లు వచ్చినరా ఇట్లనే?" అని సుప్రియ రిజిస్టరు వెనక్కి తిప్పింది. నిజంగానే ఏడు చోట్ల ఆ పేరుంది. సంచిలోని చీటీల కట్ట కూడా విప్పమంది. వణుకు వచ్చినప్పుడల్లా సుగుణమ్మ గల్లీలోని మందుల దుకాణంలో షుగర్ చూపించి, అంకె చీటీ మీద రాయించుకుంది. అరవై నాలుగు, డెబ్బై ఒకటి, యాభై తొమ్మిది, డెబ్బై. సుప్రియ ఆ చీటీలను మంచం మీద వరుసగా పరిచి చాలాసేపు చూసింది. ఓపీకి పొమ్మని రాద్దామని తెరిచిన కలానికి మళ్లీ మూత పెట్టింది.

"నెలంత డెబ్బై దగ్గర ఉంటుంది, ఒక్కరోజు ఐదువందలు దాటుతుంది. ఇదేం లెక్కనో నాకు అర్థమైతలేదు. పెద్దాయనా, నెలకోసారి మీ ఇంట్ల ఏం జరుగుతది?"

బాలకిష్టయ్య నిజాయితీగా ఆలోచించాడు. "కరెంటు బిల్లు వస్తది" అన్నాడు.

"అది కాదు. సూది ఎప్పుడన్న తప్పుతున్నరా?"

ఆ ప్రశ్నకు ఆయనకు రోషం వచ్చింది. సెలైన్ సూది ఉన్న చెయ్యి పైకెత్తబోతే రేణుకమ్మ పట్టి కిందికి దించింది. "ఒక్కరోజు తప్పలే. నా మగ్గం మీద ఒట్టు. కావాలంటే ఈమెను అడుగు."

"తప్పలే మేడం" అంది సుగుణమ్మ. "నేనే పళ్లెం పెడత గద. అన్నం మరుస్తడు గని సూది మరువడు."

సరిగ్గా అప్పుడు నాలుగో మంచం కింద తుడుస్తున్న శ్రీశైలం నడుం నిటారుగా చేసి నిలబడ్డాడు. వార్డు పనంతా ఆయన మీదే నడుస్తుంది. యాభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడడు. "నాకొకటి అనిపిస్తుంది మేడం" అన్నాడు. "నేను లీవు అయినంక డ్యూటీకి వచ్చిన్నాడల్ల ఈ పెద్దాయన ఇదే మంచం మీద ఉంటడు. నడుమ ఎన్నడు కనపడడు."

"నీ లీవు ఎప్పుడు?"

"అమావాస్యనాడు. ఆ పొద్దు నేను గడప దాటను. నిన్నగూడ ఇంట్లనే ఉంటి."

సుప్రియ ఫోనులో క్యాలెండరు తీసింది. రేణుకమ్మ రిజిస్టరులో తేదీలు చదువుతూ పోయింది. ఒక్కో తేదీ చదవగానే సుప్రియ దాని ముందురోజు తిథి చూసి చెప్పింది. ఏడుకు ఏడూ అమావాస్య మర్నాళ్లే. వార్డులో మూడో మంచం మీది పేషెంటు కూడా మూలుగు ఆపి లేచి కూర్చున్నాడు.

"గాలి సోకింది" అని శ్రీశైలం తేల్చేశాడు. "నిమ్మకాయ తిప్పుదమా మేడం? నా దగ్గర ఒకటి ఉంటది ఎప్పటికి."

"నిమ్మకాయకు ఐదువందలు దిగదు శ్రీశైలం. జేబులనే ఉంచు" అంది సుప్రియ. కానీ ఆమె ముఖం చూస్తే తనకూ ఇంతకన్నా మంచి కారణం దొరకలేదని తెలుస్తూనే ఉంది.

ఆ చర్చ ఎటు పోయేదో గానీ, గుమ్మంలో ఉమేష్ కనబడ్డాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. బస్సు వనపర్తి చేరకముందే శ్రీశైలం ఫోను చేశాడు. మా నాయిన వస్తే నాకు చెప్పాలె అని పోయిన నెల ఉమేషే ఆయనకు నంబరు ఇచ్చి పోయాడు. మధ్యలో దిగి, ఎదురొచ్చిన బండి పట్టుకుని వచ్చాడు. బాలకిష్టయ్య శ్రీశైలం వైపు ఒక చూపు చూశాడు. శ్రీశైలం మళ్లీ నాలుగో మంచం కిందికి పోయాడు.

ఉమేష్ అరవలేదు. అరిస్తే బాగుండునని బాలకిష్టయ్యకు అనిపించింది. వాడు వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడి, సెలైన్ సీసా వైపు చూస్తూ, "ఒట్టు యాదికుందా నాయినా?" అని మాత్రం అడిగాడు.

"ఉంది."

"తొవ్వల వస్తనే ఫోన్ జేసిన. రేపు పొద్దున ఇసుక వస్తది. మేస్త్రీకి గూడ చెప్పిన. నువ్వు మాట తప్పొద్దు."

మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, ఉల్లిపొర రంగు ఒళ్లు, ముదురు ఆకుపచ్చ అంచు. ఆ చీర కోసి తీస్తారేమో, గుంతలో ఇసుక పోస్తే ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో అనుకుంటే బాలకిష్టయ్యకు నిజంగా భయం వేసింది. షుగర్‌కు ఎన్నడూ ఇంత భయపడలేదు. రేపటి నుంచి పొద్దున లేచి ఏం చేయాలో ఎంత ఆలోచించినా తోచలేదు. దుప్పటి కొస పట్టుకుని నలుపుతూ ఉండిపోయాడు.

సుప్రియ మంచం మీద ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "ఇసుక సంగతి తర్వాత. పెద్దాయనా, నిన్న పొద్దున లేచిన కాడికెళ్లి ఏం చేసినరో అంత చెప్పుండ్రి. ఒక్కటి ఇడువొద్దు."

ఇది చెప్పడానికి ఆయనకు అభ్యంతరం లేదు. పైగా గర్వమే. "తలంటి పోసుకుంటి. మగ్గం తుడిసి, పసుపు కుంకుమ పెట్టి, తెల్లబట్ట కప్పితి. దీపం పెట్టినం. ఈమె బచ్చాలు చేసింది. మగ్గానికి పెట్టినంక తిన్నం. పొద్దుగూకెదాక అరుగు మీద కూసుంటి. నిన్న నాగా గద."

"సూది?"

"నాగా అని చెప్తి గద బిడ్డా."

"నాగా మగ్గానికి. మీ సూది సంగతి అడుగుతున్న."

ఇంత చదువుకున్న పిల్లకు ఇది కూడా తెల్వదా అన్నట్టు ఆయన ఓపిగ్గా విప్పి చెప్పాడు. "సూదిమందు ఉండేది గుంతల. అమావాస్యనాడు మేము గుంతల కాలు పెట్టం. మా నాయిన పెట్టలే, మా తాత పెట్టలే. గుంతల దిగకుంట మందు ఎట్ల తీసుకుంట?"

"మరి ఒక్కరోజు తప్పలే అంటిరి?"

"తప్పలే. నాగా పెడితే తప్పినట్టు ఎట్లయితది?"

రేణుకమ్మ దగ్గర్లోని స్టూలు మీద కూలబడింది. సుప్రియ నొసలు చేత్తో పట్టుకుని, నవ్వాలో కోప్పడాలో తేలక, చివరికి నవ్వింది. సుగుణమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె నోట్లోని వక్క నమలడం ఆపేసింది.

"నాకు గూడ తోచలే" అంది ఆమె మెల్లగా. "నేనే పళ్లెం నిండ బచ్చాలు పెడితి. నెలనెల పెడితి. నా చేతులతోని."

ఆమె కళ్లు కొంగుతో ఒత్తుకుంటే బాలకిష్టయ్య మంచం మీంచి లేవబోయాడు. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఆమె ఏడవడం ఆయన వేళ్ల మీద లెక్కపెట్టగలడు. ఆమె చేసిన బచ్చాలకు తాను వంక పెట్టినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

సుప్రియ నవ్వు ఆపి విషయం చెప్పింది. అమావాస్యనాడు రెండు సూదులు లేవు, ఆపైన బెల్లం, శనగపప్పు, నెయ్యి. షుగర్ ఐదువందలు దాటక ఏం చేస్తుంది. ఆ ఒక్కరోజు అంకె చూసి మందు పెంచుకుంటూ పోయారు. పెంచిన మందు మిగతా రోజులకు ఎక్కువైపోయింది, వణుకు అందుకే. "ఈసారి గూడ ఓపీల ఇంక రెండు పాయింట్లు పెంచి ఉంటే, ఏదో ఒకనాడు నిద్రలనే ప్రాణం మీదికి వచ్చేది" అంది. తర్వాత ఉమేష్ వైపు తిరిగింది. "గుంత వల్ల ఏం కాలేదు తమ్మీ. గుంతల దిగిన రోజు మీ నాయిన బాగనే ఉన్నడు. దిగని రోజే ఇక్కడికి వచ్చిండు."

ఉమేష్ చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయి ఆగింది. ఆ వీడియోలో ఇట్లాంటి సంగతి ఏదీ చెప్పలేదు.

బాలకిష్టయ్య కొడుకు వైపు తల తిప్పాడు. గెలిచినవాడి గొంతు కాదది. బతిమాలుతున్న గొంతు. "అది పూడిస్తే నాకు దినాం అమావాస్యనే గదరా" అన్నాడు.

ఉమేష్ తండ్రి ముఖంలోకి చూశాడు. ఆ పొద్దున వచ్చినప్పటి నుంచి వాడు అటు చూడడం అదే మొదలు. తర్వాత ఫోను తీసుకుని వరండాలోకి పోయాడు. "అన్నా, ఆ ఇసుక వద్దు... లేదు, రేటు కోసం కాదు... ఇప్పుడు వద్దు అంతే" అని వాడు చెప్పడం కిటికీలోంచి వినబడింది. బాలకిష్టయ్య దుప్పటి కొస వదిలేశాడు.

ఇక మిగిలింది కుండ సంగతి. ముందురోజే కుండ బయటికి తీసి పెట్టుకొమ్మంది సుప్రియ. గుంత గూడు వంటి చల్లటి చోటు ఇంకోటి లేదన్నాడు బాలకిష్టయ్య. అమావాస్య ఒక్కరోజుకు గుంతలోకి చెయ్యి చాపి తీసుకోరాదా అంది రేణుకమ్మ. చెయ్యి అయినా కాలు అయినా ఒకటే అన్నాడు ఆయన. సీసా ప్రాణం నిలిపేది, ఆచారం పెద్దలు పెట్టింది, రెండింట్లో దేనినీ తాను తీసిపారెయ్యలేనని మొండికేశాడు. మూడో మంచం మీది పేషెంటు కూడా రెండు ఉపాయాలు చెప్పి చూశాడు. సుప్రియకు ఐదువందలు దించడం ఇంతకన్నా తేలిక అనిపించింది.

"నేను తీసిస్త" అన్నాడు ఉమేష్, వరండాలోంచి లోపలికి వస్తూ.

"నువ్వా? అమావాస్యనాడు గుంతల దిగుతవా?"

"నేను నేసేటోన్ని కాదు గద నాయినా. నాకు నాగా యాడిది."

తాతముత్తాతలు ఈ సంగతి ఆలోచించి ఉండరు, వాళ్ల కాలంలో ఇంట్లో నేయని కొడుకే లేడు.

* * *

మందు తగ్గించాక వణుకు పోయింది. ఆ నెల చక్కెర నీళ్ల గ్లాసు అల్మారా దిగలేదు. ఉల్లిపొర రంగు చీర పూర్తయింది, కొత్త పడుగు ఎక్కింది. మళ్లీ అమావాస్య వచ్చింది.

ఆ పొద్దున ఉమేష్ దుకాణానికి ఆలస్యంగా వస్తానని చెప్పాడు. మగ్గం మీద తెల్లబట్ట కప్పి ఉంది, దీపం వెలుగుతోంది. సుగుణమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఆ తెల్లటి టైలు మీదే బచ్చాలు వత్తుతోంది. అంటుకోకుండా బాగా వస్తున్నాయని ఆమె దాన్ని వంటింటికి మార్చేసింది. ఈసారి ఆయన పళ్లెంలోకి ఒక్కటే అని ముందే చెప్పింది. బాలకిష్టయ్య ఒకటిన్నరకు బేరమాడి ఓడిపోయాడు.

ఉమేష్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గుంత ఒడ్డున కూర్చుని, కాళ్లు లోపలికి జార్చాడు. పందొమ్మిదేళ్లయింది వాడు అందులో కాలు పెట్టక. బాలకిష్టయ్య పక్కన నిలబడి తల వంచి చూస్తున్నాడు. గూడు ఎటుందో చెబుదామని నోరు తెరిచాడు. చెప్పే పని లేకపోయింది. వాడి చెయ్యి చూడకుండానే సూటిగా గూట్లోకి పోయింది. చిన్నప్పుడు ఆడుకునే గోళీలు దాచుకునేది అక్కడే. వాడు మరిచిపోయాడనుకున్నాడు బాలకిష్టయ్య గానీ, వాడి చెయ్యి మరిచిపోలేదు.

సీసా, సిరంజీ పైకి అందించాడు. పని అయిపోయింది, లేవాలి. వాడు లేవలేదు. కాళ్ల కింద మగ్గం తొక్కే చెక్కలు తగిలినట్టున్నాయి. కుడికాలు కొంచెం ఒత్తాడు. తెల్లబట్ట కింద మగ్గం టక్కుమంది.

చొక్కా ఎత్తి కడుపు మీద సూది ఆనించిన బాలకిష్టయ్య అట్లాగే ఆగిపోయాడు. ఆ ఇంట్లో అమావాస్యనాడు మగ్గం చప్పుడు ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తన తండ్రి అయితే వీపు చిట్లగొట్టేవాడు. కొట్టాలి, కనీసం కసరాలి. సుగుణమ్మ వైపు చూశాడు. ఆమె బచ్చం వత్తడంలో మునిగిపోయి ఉంది, ఆ బచ్చం అప్పటికే పళ్లెం దాటేంత పెద్దదైంది. బాలకిష్టయ్య సూది పొడుచుకుని, చొక్కా దించుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పొద్దుగూకినంక ఇంకొకటి ఉంటది" అన్నాడు.

"తెలుసు నాయినా. ఆరింటి బస్సుకు వస్త" అన్నాడు ఉమేష్, ఇంకా గుంతలోనే కూర్చుని.

మర్నాడు పొద్దున బాలకిష్టయ్య మగ్గం మీద ఉండగా జేబులో ఫోను మోగింది. నాడె ఆపి తీశాడు. అవతల శ్రీశైలం. గొంతు చాలా చిన్నగా ఉంది.

"పెద్దాయనా... పాణం బాగనే ఉందా?"

"ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"లీవు అయినంక డ్యూటీకి వస్తి. నువ్వు రాలే. పదిదాక చూసినం. మేడం రెండుసార్లు అడిగింది. రేణుకమ్మ ఫోన్ చెయ్యి ఫోన్ చెయ్యి అంటుంది గని, నాకు ధైర్యం రాలే."

వాళ్లు దేనికి భయపడ్డారో అప్పుడు అర్థమైంది బాలకిష్టయ్యకు. ఇన్ని నెలలుగా మళ్లీ రాకు, మళ్లీ రాకు అని కసిరి పంపినవాళ్లు, రాకపోయేసరికి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. భుజానికి కన్ను తుడుచుకుని, పక్కన గూట్లోని కుండను ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"బతికే ఉన్న శ్రీశైలం" అన్నాడు. "మేడంకు చెప్పు. ఈ నెల దవాఖానకు నాగా పెట్టిన."